అక్షరగణనము, కంప్యూటరు: తెలుగు పాఠమును నిర్వహించు ప్రోగ్రాములలోని సామాన్య దోషములు, వాని పరిష్కారములు

'స్త్రీ' అను పదమునందు అక్షరములెన్ని? ఓనమాలు దిద్దిన బాలుడు తడుముకొనక 'ఒకటి' యని చెప్పును. ఆ ప్రశ్ననే కంప్యూటరు నడిగినచో, అడిగిన తీరును బట్టి 6 అనియు, 18 అనియు, 3 అనియు, 1 అనియు నాలుగు విధములైన సమాధానములు వచ్చును. ఈ నాలుగింటిలో ఏదియు కూడికలోని పొరపాటు కాదు. కొలిచిన మానము వేరగుటచే ఫలితము వేరైనది. తెలుగు పాఠమును చేపట్టు ప్రోగ్రాములలో తరచుగా కనబడు దోషములలో పెక్కింటికి మూలము ఇదియే. ప్రోగ్రాము వ్రాయువాడు ఒక మానమును మనస్సునందుంచుకొనును. భాష మరియొక మానమును కోరును.

నేడు మన శాఖలలో నిఘంటువుల పదపట్టికలు, కావ్యముల ప్రతులు, శాసనపాఠములు, జానపద గేయముల సేకరణలు కంప్యూటరు నందే భద్రపరుపబడుచున్నవి. పదముల ఆవృత్తిని లెక్కించుట, పద్యమునకు గణవిభజన చేయుట, పదసూచిని అకారాదిగా కూర్చుట మొదలగు పనులను పరిశోధక విద్యార్థులు స్వయముగా వ్రాసికొన్న చిన్న ప్రోగ్రాములతో సాధించుచున్నారు. ప్రోగ్రాము తప్పు చేసినచో అది నోరు తెరచి చెప్పదు. తప్పు లెక్కను ఒప్పు లెక్క వలెనే ముందుంచును. దానిపై కట్టిన సిద్ధాంతమంతయు కూలును. కావున సొంత కంప్యూటరుపై నడచు ప్రోగ్రాములయందును, వెబ్ బ్రౌజరు ద్వారా నడచు ప్రోగ్రాములయందును తెలుగు పాఠమునకు కలుగు ముఖ్య దోషములను, వాని కారణములను, పరిష్కారములను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

1. నాలుగు మానములు

భారతీయ లిపులకు ఏకరూపమైన సంకేతపద్ధతి 1988లో ఇస్కీ అను పేర ఏర్పడి, 1991లో భారతీయ ప్రమాణముగా సవరింపబడినది. అదే 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికయందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. దశాంశ సంఖ్యలలో చెప్పవలెనన్న 3072 మొదలు 3199 వరకు గల స్థానములు తెలుగువి. ఈ విభాగపు అమరికకు 1988 నాటి ఇస్కీయే ఆధారము.

ఇందు అచ్చులకును, హల్లులకును, గుణింతపు గుర్తులకును, సున్నలకును, పొల్లునకును వేర్వేరు సంకేతసంఖ్యలు గలవు. సంయుక్తాక్షరములకు మాత్రము ప్రత్యేక సంఖ్యలు లేవు. రెండు హల్లుల నడుమ పొల్లు నుంచినచో రెండవ హల్లు ఒత్తుగా కనబడును. ఆ విధముగా 'స్త్రీ' అనునది స (3128), పొల్లు (3149), త (3108), పొల్లు (3149), ర (3120), ఈత్వపు గుడి (3136) అను ఆరు సంకేతముల వరుస. ఇది మొదటి మానము. దీనిని 'సంకేతము' అందము.

ఈ సంకేతములను భద్రపరచుటకు నేడు విరివిగా వాడబడు పద్ధతి యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఇందు ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును; తెలుగు సంకేతము ప్రతిదానికిని మూడు బైట్లు కావలెను. కనుక 'స్త్రీ' 18 బైట్లు. ఇది రెండవ మానము.

చదువరి కంటికి ఒక్క ముద్దగా కనబడునది మూడవ మానము. దీనిని మేము 'గుచ్ఛము' అనుచున్నాము. యూనికోడ్ వారు పాఠమును గుచ్ఛములుగా విభజించుటకు నియమములను ప్రకటించియున్నారు. చిరకాలము ఆ నియమముల ప్రకారము పొల్లు వెంటనే విరుపు వచ్చుచుండెను. అనగా 'స్త్రీ' స్, త్, రీ అని మూడు గుచ్ఛములగుచుండెను. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1వ సంచిక ఈ లోపమును సవరించినది. తెలుగు, దేవనాగరి, బంగ్లా, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో పొల్లుతో కూడిన హల్లుల వరుసను విరువరాదని నియమించినది. కావున క్రొత్త నియమము ననుసరించు ప్రోగ్రామునకు 'స్త్రీ' ఒకటే గుచ్ఛము. పాత నియమముపై నిలిచినదానికి మూడు.

నాలుగవది ఛందస్సునందలి అక్షరము. ఇది గుచ్ఛముతో అన్నిచోట్లను సమానము కాదు. పదాంతమున గల పొల్లు కంటికి వేరు గుచ్ఛమైనను, ఛందస్సున తన ముందరి అక్షరమును గురువు చేసి దానియందే చేరిపోవును.

ఈ నాలుగు మానములను కొన్ని పదములకు అన్వయించి చూపుచున్నాము. గుచ్ఛములు 15.1వ సంచిక నియమానుసారముగా లెక్కింపబడినవి.

స్త్రీ: సంకేతములు 6, బైట్లు 18, గుచ్ఛము 1, ఛందోక్షరము 1.
తెలుగు: సంకేతములు 6, బైట్లు 18, గుచ్ఛములు 3, ఛందోక్షరములు 3.
రాష్ట్రము: సంకేతములు 9, బైట్లు 27, గుచ్ఛములు 3, ఛందోక్షరములు 3.
సాఫ్ట్‌వేర్: సంకేతములు 11, బైట్లు 33, గుచ్ఛములు 4, ఛందోక్షరములు 2.

'స్త్రీ', 'తెలుగు' అను పదములకు సంకేతములును బైట్లును సమానములే. అక్షరములు మాత్రము ఒకటియు, మూడును. కాబట్టి సంకేతసంఖ్యను ఒక స్థిరమైన అంకెతో భాగించి అక్షరసంఖ్యను రాబట్టుట సాధ్యము కాదు. ప్రోగ్రామింగు భాషలును ఈ విషయమున ఏకాభిప్రాయము గలవి కావు. జావా, జావాస్క్రిప్టు, సీ షార్ప్ భాషలలో పొడవు అడిగినచో తెలుగు పాఠమునకు సంకేతసంఖ్య వచ్చును. పైథాన్ 3 లోను అంతే. గో భాషయందును, పీహెచ్‌పీ భాషయందలి సాధారణ ప్రమేయమునందును బైట్ల సంఖ్య వచ్చును. స్విఫ్ట్ భాష గుచ్ఛములను లెక్కించును. ఒక భాషలో సరిగా నడచిన ప్రోగ్రామును మరియొక భాషలోనికి మార్చినపుడు లెక్క తారుమారగుట కిదియే హేతువు.

2. కొలత, కోత

డేటాబేసునందు పేరునకు 20 స్థానములు కేటాయించిరనుకొందము. ఆ 20 బైట్లైనచో ఆంగ్లమున 20 అక్షరముల పేరు పట్టును. తెలుగున ఆరు సంకేతములు మాత్రమే పట్టి, రెండు బైట్లు మిగులును. కొన్ని వ్యవస్థలు నిండిన పిమ్మట మిగిలినదానిని త్రోసివేయును. అట్టి తరి ఏడవ సంకేతము మూడింట రెండు వంతులు మాత్రమే నిలిచి, అర్థహీనమగును. తెరపై దాని స్థానమున నల్లని వజ్రాకృతిలో ప్రశ్నార్థకము కనబడును. పరిష్కారము రెండు విధములు. పట్టికను నిర్మించునపుడే హద్దు బైట్లలోనా, సంకేతములలోనా అని విచారించి, బైట్లైనచో మూడింతలు కేటాయింపవలెను. కోయక తప్పనిచో కోతను గుచ్ఛముల హద్దుపై మాత్రమే వేయవలెను.

సంకేతముల హద్దుపై కోసినను దోషము తప్పదు. 'రాష్ట్రపతి' అను పదమును నాలుగు సంకేతముల యొద్ద కోసినచో 'రాష్' అనియు, ఐదింటి యొద్ద కోసినచో 'రాష్ట' అనియు మిగులును. జాబితాలలో శీర్షికలను కుదించి చివర చుక్కలుంచు వెబ్ పుటలయందు ఇట్టి విరుపులు నిత్యము కనబడుచుండును. బ్రౌజరులలో ఇప్పుడు పాఠమును గుచ్ఛములుగా విభజించు సాధనము ఇంటల్ సెగ్మెంటర్ అను పేర గలదు; సొంత కంప్యూటరుపై నడచు ప్రోగ్రాములకు ఐసీయూ అను గ్రంథాలయము ఆ పని చేయును. అయితే ఫలితము ఆ సాధనముల సంచికను బట్టి యుండును. ఒకే ప్రోగ్రాము పాత యంత్రముపై 'స్త్రీ'ని మూడుగాను, క్రొత్త యంత్రముపై ఒకటిగాను లెక్కించుటకు అవకాశము కలదు. పరిశోధన వ్యాసములయందు గుచ్ఛముల లెక్కలనిచ్చువారు వాడిన సంచికను పేర్కొనుట విధి.

సంచార దూరవాణికి పంపు సంక్షిప్త సందేశమునకును ఇట్టి హద్దే కలదు. ఆంగ్ల సందేశమున 160 అక్షరములు పట్టునట్టి చోట తెలుగున సాధారణముగా 70 సంకేతములు మాత్రమే పట్టును. పరీక్షాఫలితములను సందేశములుగా పంపు ప్రోగ్రామును ఆంగ్లముతో మాత్రమే పరీక్షించి వదలినచో, తెలుగు సందేశములు రెండు మూడు ముక్కలగును.

3. రూపభంగము: లక్షణమును బట్టి నిదానము

తెరపై తెలుగు చెడి కనబడినపుడు 'ఫాంటు చెడినది' అని సామాన్యముగా అందురు. కాని చెడిన తీరులు నాలుగైదు గలవు. వైద్యుడు లక్షణములను బట్టి రోగనిర్ణయము చేసినట్లు, చెడిన రూపమును బట్టి కారణమును గుర్తింపవచ్చును.

తెలుగునకు బదులుగా, తలపై వాలుగీత గల ఆంగ్లపు 'ఏ' అక్షరమును, దాని వెంట ఉష్ణమానపు డిగ్రీ సున్నయో, కూడిక తీసివేతల జంటగుర్తో మాటిమాటికి వచ్చుచున్నచో, అది యూటీఎఫ్-8 పాఠమును పాశ్చాత్య సంకేతపద్ధతిగా భ్రమించి చదివిన లక్షణము. తెలుగు సంకేతము ప్రతిదానికిని మొదటి బైటు 224, రెండవది 176 గాని 177 గాని. ఆ మూడు చిహ్నములు ఈ మూడు సంఖ్యలకు పాశ్చాత్య రూపములు. ఉదాహరణమునకు 'త' అనునది 224, 176, 164 అను బైట్ల వరుస. ఇందు పాఠము చెడలేదు, చదువుటయే చెడినది. ఫైలును తెరచునపుడును, డేటాబేసుతో సంబంధమేర్పరచునపుడును, వెబ్ పుట శిరోభాగమునందును పద్ధతి యూటీఎఫ్-8 అని స్పష్టముగా ప్రకటించినచో సరియగును.

తెలుగునకు బదులు ప్రశ్నార్థకములు మాత్రమే వరుసగా నున్నచో అది ప్రమాదకరమైన లక్షణము. తెలుగునకు తావులేని పద్ధతిలో పాఠమును వ్రాయ యత్నించుటచే ప్రతి సంకేతమును ప్రశ్నార్థకముగా మారి నిలిచినది. మూలము నశించినది, ఏ మార్పిడియు దానిని తిరిగి తేజాలదు. మూలప్రతి వేరొకచోట నున్నచో దానిని మరల నెక్కింపవలసినదే. కావుననే వేల పుటలను ఒక వ్యవస్థనుండి వేరొక వ్యవస్థకు తరలించుటకు ముందు పది పంక్తులను పంపి, తిరిగి తెచ్చి, మూలముతో సరిపోల్చుకొనవలెను.

ఖాళీ పెట్టెలు కనబడినచో పాఠము క్షేమము. ఆ యంత్రమున తెలుగు ఫాంటు లేదు. గుణింతపు గుర్తు చుక్కల వలయముపై నిలిచినచో, ఆ గుర్తునకు ముందు హల్లు లేదని యర్థము. ఖాళీ తర్వాత గుర్తు పడినదో, రెండు గుర్తులు వరుసగా పడినవో విచారింపవలెను.

కామాలతో వేరుచేసిన పట్టికా ఫైళ్ళ విషయమున మరియొక చిక్కు గలదు. కొన్ని పట్టికా ప్రోగ్రాములు ఫైలు మొదట 239, 187, 191 అను మూడు బైట్ల ఆనవాలు ఉన్నగాని దానిని యూటీఎఫ్-8గా గుర్తింపవు. ఆ ఆనవాలు నుంచినచో, దానిని ఎరుగని వేరొక ప్రోగ్రాము ఆ మూడు బైట్లను మొదటి నిలువు వరుస పేరులో కలిపివేయును. అపుడు కంటికి సరిగా నున్న పేరు ప్రోగ్రామునకు దొరకదు. వ్రాయువాడును చదువువాడును ముందుగా ఒప్పందము చేసికొనుటయే దీనికి మందు.

యూనికోడ్ వ్యాపింపక పూర్వము అచ్చుపని కొఱకు కూర్చిన పాఠముల సంగతి వేరు. వానియందు ఆంగ్లాక్షరముల సంఖ్యలకు తెలుగు ఆకృతుల ముక్కలు తొడుగబడినవి. తలకట్టు, గుణింతపు గుర్తు, ఒత్తు వేర్వేరు ముక్కలు. వాని వరుస ఉచ్చారణ క్రమమున గాక, కాగితముపై పడు క్రమమున ఉండును. అట్టి పాఠములు ఆ ఫాంటు ఉన్నంతవరకే తెలుగు. అది లేనిచో అర్థహీనమైన ఆంగ్లాక్షరముల ప్రోగు. ఫాంటునకొక మార్పిడి పట్టిక వలయును. పట్టికతోపాటు ముక్కల వరుసను ఉచ్చారణ క్రమమునకు త్రిప్పు నియమములును వలయును. గ్రంథాలయములయందును, ముద్రణాలయములయందును ఇట్టి పాఠము నేటికిని మిగిలియున్నది. ఫాంటులు మరుగునపడక ముందే దానిని యూనికోడ్‌లోనికి మార్చుట అత్యవసరము.

4. పదవిభజనము

పదముల ఆవృత్తిని లెక్కించు విద్యార్థి మొదట చేయు పని పాఠమును పదములుగా విడదీయుట. ఇచ్చటనే ఒక పెద్ద గోతి కలదు. యూనికోడ్ నందు ప్రతి సంకేతమునకు ఒక జాతి నిర్ణయింపబడినది. అచ్చులు, హల్లులు 'అక్షర' జాతికి చెందినవి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నలు 'చిహ్న' జాతికి చెందినవి. పదమనగా అక్షరముల వరుస యని మాత్రమే యెరిగిన ప్రోగ్రాము, చిహ్నము రాగానే పదము ముగిసినదని భావించును.

పైథాన్ భాషతో కూడ వచ్చు సామాన్యమైన నమూనా అన్వేషణ గ్రంథాలయమున పదాక్షరములను సూచించు సంక్షిప్త గుర్తునకు ఈ లోపము కలదు. దానితో 'తెలుగు' అను పదమును విడదీసినచో త, ల, గ అని మూడు పదములు వచ్చును! జావాస్క్రిప్టునందు అట్టి గుర్తు ఆంగ్లాక్షరములను, అంకెలను, క్రింది గీతను తప్ప మరిదేనిని గుర్తింపదు. తెలుగు పదము దానికి కనబడనే కనబడదు. పాఠమునుండి విరామచిహ్నములను తొలగింపనెంచి 'అక్షరములు కానివన్నియు తీసివేయుము' అని వ్రాసినచో, గుణింతములన్నియు ఊడిపోయి 'కోకిల' కాస్త 'కకల'గా మిగులును.

వెబ్ పుటలలో పేరు నింపు గడులకును ఇదే కీడు. 'పేరునందు అక్షరములు మాత్రమే ఉండవలెను' అను నియమము సదుద్దేశముతో వ్రాసినదే. కాని దాని ప్రకారము 'సీత' అను పేరు చెల్లదు. 'కమల' మాత్రము చెల్లును. గుణింతము లేని పేరుతో మాత్రమే పరీక్షించినవానికి ఈ తప్పు ఎన్నటికిని కనబడదు.

పరిష్కారము సులభము. పదమునకు చెందినవానిలో అక్షరజాతితోపాటు చిహ్నజాతిని, ఈ క్రింద చెప్పబోవు కనబడని గుర్తులను చేర్చవలెను. లేదా యూనికోడ్ వారు ప్రకటించిన పదసీమా నియమములను అమలుపరచు గ్రంథాలయమును వాడవలెను. ఇంతమాత్రముచే భాషాశాస్త్రరీత్యా పదము తేలినదని భ్రమింపరాదు. సంధిచే కలిసిన పదములను విడదీయుట వ్యాకరణము పని. ఖాళీల నడుమ నున్నదానిని ముక్కలుకాకుండ నిలుపుట మాత్రమే ఇచ్చట చెప్పబడినది.

5. అన్వేషణము

పదము తెరపై కనబడుచున్నను, వెదకినపుడు 'దొరకలేదు' అని వచ్చుట పలువురికి అనుభవమే. కంటికి ఒకటిగా నున్నవి సంకేతములలో వేరగుట దీనికి కారణము. మూడు సందర్భములు ముఖ్యములు.

మొదటిది ఐత్వము. 'కై' అనుదానియందలి ఐత్వమును 3144 అను ఒక్క సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వము 3142, ఐత్వపు క్రింది భాగము 3158 అను రెంటి జంటగాను వ్రాయవచ్చును. యూనికోడ్ ఈ రెంటిని సమానములుగా అంగీకరించినది. పాఠమును, వెదకు పదమును ముందుగా ఒకే రూపమునకు తెచ్చుటకు 'సామాన్యీకరణము' అను సాధనము ప్రధానమైన ప్రోగ్రామింగు భాషలలో కలదు. దానిని ఇరువైపుల ప్రయోగించినచో ఈ చిక్కు తొలగును.

రెండవది కనబడని విభాజకము; సంకేతసంఖ్య 8204. 'సాఫ్ట్‌వేర్' అను పదమున టకారపు పొల్లు తర్వాత వకారము ఒత్తుగా మారకుండుటకు దీనిని నడుమ నుంచుదురు. అన్యదేశ్యములయందును, పేర్లయందును దీని వాడుక ఎక్కువ. ఒకరు దీనిని ఉంచుదురు, మరియొకరు ఉంచరు. సామాన్యీకరణము దీనిని తొలగింపదు.

మూడవది నిండుసున్న. దీని సంకేతసంఖ్య 3074. తెలుగు అంకె సున్న 3174. ముద్రణలో రెంటికిని భేదము కనబడుట అరుదు. కూర్పరి ఒకదానికి బదులు వేరొకటి నొక్కినచో, దిద్దువాని కన్ను దానిని పట్టజాలదు. సామాన్యీకరణమును దీనిని పట్టదు, ఏలయన అంకెయు అనుస్వారమును నిజముగా వేరు వస్తువులు. అక్షరముల నడుమ వచ్చిన అంకె సున్నను అనుస్వారముగా భావించు నియమమును మనమే వ్రాసికొనవలెను.

ఇవి గాక భాషకు సంబంధించిన రూపభేదములు గలవు: 'గుఱ్ఱము', 'గుర్రము', 'వాఁడు', 'వాడు'. ప్రాచీన కావ్యపాఠమున వెదకువాడు ఆధునిక వర్ణక్రమముతో వెదకినను ఫలితము దొరకుట మేలు. కాని భేదములను తుడిచివేసినచో 'ఏఁడు' అను సంవత్సరమును 'ఏడు' అను సంఖ్యయు కలిసిపోవును.

ఈ సందర్భమున మేము నొక్కి చెప్పదలచిన సూత్రమొకటి కలదు. వెదకుట సులభమగుటకై మూలపాఠమును దిద్దరాదు. పాఠమును ఉన్నదున్నట్లు నిలిపి, దాని ప్రక్కన వెదకుటకు మాత్రమే పనికివచ్చు మరియొక రూపమును నిర్మింపవలెను. ఆ రూపమున ఐత్వము ఏకమగును, విభాజకము తొలగును, అంకె సున్న అనుస్వారమగును, కావలెనన్న అరసున్నయు పోవును. వెదకు పదమునకును అదే సంస్కారము చేసి పోల్చవలెను; చూపునపుడు మాత్రము మూలమును చూపవలెను. ఇది పరిష్కర్తలకు క్రొత్త కాదు. తాళపత్రపాఠమును యథాతథముగా ఉంచి, పాఠభేదములను అడుగున చూపుట మన సంప్రదాయమే. ఆ నిష్ఠయే ప్రోగ్రామునందును పాటింపదగినది.

6. అకారాది క్రమము

సంకేతసంఖ్యలనే క్రమముగా గ్రహించినచో తెలుగు పదములు చాలవరకు సరిగానే అమరును. 'కమలము, కాలము, కోకిల, క్రమము' అను వరుస సంఖ్యలను బట్టి తానై వచ్చును. గుణింతము ముగిసిన పిమ్మట సంయుక్తాక్షరములు వచ్చు నిఘంటు మర్యాదయు నిలుచును. ఈ పాక్షికమైన ఒప్పిదమే మోసకరము. తొలి పుటలను చూచి తృప్తిపడినవాడు మలి పుటలలోని తప్పులను చూడడు.

బడిలో నేర్చు వర్ణమాలయందు య, ర, ల, వ, శ, ష, స, హ, ళ, క్ష, ఱ అను వరుస కలదు. యూనికోడ్‌లో ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123, వ 3125. కావున 'కళ' అను పదము 'కవి' కంటె ముందు వచ్చును; బడి వరుసయందు తర్వాత రావలెను. ౠకారపు సంఖ్య 3168. దంత్య చకార జకారములైన ౘ, ౙ లకు 3160, 3161. హకారము 3129 అగుటచే ఈ మూడును హకారమునకు పిమ్మట చేరును. అరసున్న 3073 అగుటచే 'వాఁడు' అను పదము 'వాకిలి'కి ముందు పడి, 'వాడు'నకు దూరమగును. కనబడని విభాజకము 8204 అగుటచే 'రాజ్‌కుమార్' అను పేరు 'రాజ్యము' తర్వాత పడును.

దీనికై యూనికోడ్ వారు క్రమనిర్ణయ పద్ధతి నొకదానిని ప్రకటించిరి. అందు ప్రతి సంకేతమునకు సంఖ్య గాక 'బరువు' ఇవ్వబడును; ఆ బరువులు అంతస్తులుగా నుండును. మొదటి అంతస్తులో అక్షరభేదము. అది సమానమైనపుడే రెండవ అంతస్తులోని సూక్ష్మభేదము లెక్కకు వచ్చును. కనబడని విభాజకమునకు బరువు లేదు. ఐసీయూ గ్రంథాలయమును, బ్రౌజరులలోని ఇంటల్ కొలేటరును భాష తెలుగు అని తెలిపినచో ఆ భాషకు తగిన పట్టికను వాడును. డేటాబేసున పట్టికను నిర్మించునపుడే క్రమనిర్ణయ విధానమును ఎన్నుకొనవలెను; ఎన్నుకొననిచో కొన్ని వ్యవస్థలయందు బైట్ల క్రమమే దక్కును.

అయినను సిద్ధముగా దొరకు పట్టిక సామాన్య వ్యవహారమునకు చాలును గాని, నిఘంటు నిర్మాణమునకు చాలదు. క్షకారమును కకారమున చేర్చవలెనా, ళకారమును ఎచ్చట నుంచవలెను, అరసున్నను మొదటి అంతస్తున లెక్కింపవలెనా, రెండవ అంతస్తున నా? వీనికి ఉత్తరము ప్రోగ్రాము వ్రాయువాడు ఈయజాలడు, నిఘంటుకారుడు ఈయవలెను. అట్టి నియమములను సొంతముగా చేర్చుకొను వసతి ఐసీయూ నందు కలదు. అరసున్నకు రెండవ అంతస్తు నిచ్చినచో 'వాడు', 'వాఁడు' ప్రక్కప్రక్కన నిలిచి, భేదమును నిలుచును.

7. గణవిభజనము

పద్యమునకు గణములు కట్టు ప్రోగ్రామునకు గుచ్ఛములు తొలిమెట్టు మాత్రమే. మొదట సామాన్యీకరణము, పిమ్మట పొల్లుతో కూడిన హల్లులను విరువక గుచ్ఛవిభజనము, ఆ పిమ్మట పొల్లుతో ముగియు గుచ్ఛమును ముందరిదానితో చేర్చుట, కడపట గురులఘు నిర్ణయము: ఇది వరుస. 'రాష్ట్రము' అనునది రా, ష్ట్ర, ము అని మూడక్షరములు, గురువు, లఘువు, లఘువు, భగణము. పాత నియమమున పొల్లు వద్ద విరిచిన ప్రోగ్రామునకు రా, ష్, ట్, ర, ము అని ఐదు ముక్కలు దొరకును. వానితో ఏ గణమును కుదురదు. ఉత్పలమాల పాదమున 20 అక్షరములుండవలెను. సంయుక్తములతో నిండిన పాదమున అట్టి ప్రోగ్రాము అంతకు మించి లెక్కించి, నిర్దోషమైన పద్యమునకు ఛందోభంగమును అంటగట్టును. అట్టి లెక్కను నమ్మి కవికి దోషము నాపాదించుట యెంతటి అన్యాయమో చెప్ప నక్కరలేదు.

8. పరీక్షాపదములు

పై దోషములన్నియు ఒక్క అలవాటుతో ముందుగానే బయటపడును. ప్రోగ్రాము సిద్ధమైన వెంటనే దానికి కొన్ని పదములను ఇచ్చి, రావలసిన ఫలితమును ముందే కాగితముపై వ్రాసికొని, సరిపోల్చవలెను. సంయుక్తమునకు 'స్త్రీ', 'రాష్ట్రము', విభాజకమునకు 'సాఫ్ట్‌వేర్', ఆ పదమే విభాజకము లేకుండ, ఐత్వమునకు 'కై' రెండు విధముల, అనుస్వారమునకు 'అంకము', ఆ పదమే అంకె సున్నతో, అరసున్నకు 'వాఁడు', శకటరేఫమునకు 'గుఱ్ఱము', క్రమమునకు 'కళ', 'కవి', విసర్గకు 'దుఃఖము'. ప్రోగ్రామును మార్చిన ప్రతిసారియు ఈ పరీక్షను మరల నడుపవలెను. 'కమల' యను ఒక్క పదముతో పరీక్షించుట తెలుగుతో పరీక్షించినట్లు కానేరదు.

ఇంతవరకు చెప్పినదాని సారమిది. తెలుగు పాఠముపై ఏ పని చేయుటకైనను ముందు 'ఇచ్చట లెక్కింపవలసినది ఏది: బైటా, సంకేతమా, గుచ్ఛమా, ఛందోక్షరమా?' అని ప్రశ్నింపవలెను. భద్రపరచుటకు బైటు, సరిపోల్చుటకు సామాన్యీకృతమైన సంకేతములు, చూపుటకును కోయుటకును గుచ్ఛము, పద్యమునకు ఛందోక్షరము తగినవి. ఈ ప్రశ్నకు ఉత్తరము యంత్రశాస్త్రజ్ఞుల చేతిలో మాత్రమే లేదు. అక్షరమనగా నేమో, అకారాది క్రమమెట్టిదో, ఏ రూపభేదము ముఖ్యమో, ఏది ఉపేక్షింపదగినదో నిర్ణయింపవలసినవారు భాషను బోధించు మనమే. మనము నిర్ణయించి వ్రాసి యీయనిచో, ఆ నిర్ణయము ప్రోగ్రాములోని ఏదో ఒక పంక్తియందు, భాష నెరుగనివాని చేత, మన ప్రమేయము లేకయే జరిగిపోవును. తెలుగు శాఖలు తమ పదపట్టికలతోపాటు ఈ నియమములను, పరీక్షాపదములను ప్రకటించుట ఆరంభించినచో, పరిశోధకులకును, ప్రోగ్రాములు వ్రాయువారికిని సమానముగా మేలు కలుగును.